మొలలో కత్తి: పనిముట్టా? మారణాయుధమా?

2024 ఏప్రిల్. ఒకవైపు దాళ్వా కోతలు, మరోవైపు ఎన్నికలు. తెల్లవారుజామున నాలుగున్నరకు గోదావరి డెల్టాలోని ఒక వూరి నుంచి పన్నెండుమంది వ్యవసాయ కార్మికులు ఆటో ఎక్కారు. తొమ్మిదిమంది ఆడవాళ్లు, ముగ్గురు మగవాళ్లు. పక్క మండలంలో గాలివానకు ఒక చేను నేలకు పడిపోయింది. మిషను పెడితే గింజ నేలపాలవుతుందని ఆసామి మనుషులను పిలిచాడు. ఈ రోజుల్లో డెల్టాలో వరికోతకు మనిషిని పిలవడమే అరుదు. అందుకని పిలుపు రాగానే చూరులో చెక్కివున్న కొడవళ్లు తీసి, కక్కు సరిచూసుకుని బయలుదేరారు.

దారిలో చెక్‌పోస్టు. ఎన్నికల్లో పంచే డబ్బు, మద్యం పట్టుకోవడానికి పెట్టింది. ఆటోలో డబ్బూ లేదు, మద్యమూ లేదు. అన్నం క్యారేజీలు, నీళ్ల సీసాలు, గోనెసంచిలో చుట్టిన పన్నెండు కొడవళ్లు వున్నాయి.

"ఏంటే ఇన్ని కత్తులు? ఎక్కడికి పట్టుకుపోతున్నారు?"

"కత్తులు కాదు సారూ, కొడవళ్లు. కోతకెళ్తన్నాం."

"కోడ్ వుందని తెలీదా? మారణాయుధాలతో గుంపుగా తిరగకూడదు. దిగండి."

కుర్రవాడొకడు "కొడవలి పార్టీల గుర్తు గదా సార్, అందుక్కూడా ఆపుతారేమో" అని నవ్వబోయాడు. ఆ నవ్వు ఖరీదు ఇంకో గంట. ఎనిమిదిన్నరకు మనుషులను వదిలారు, కొడవళ్లను వదల్లేదు. పైవాళ్లు చూశాక ఇస్తామన్నారు. కాగితం ముక్క రాసివ్వలేదు. అప్పటికే ఆసామి, పోయే గింజ పోతుందిలెమ్మని, గొలుసు మిషను మాట్లాడేసుకున్నాడు. పన్నెండుమంది కూలి, ఆటో కిరాయి, రెండూ పోయాయి.

ఆ సాయంత్రం మేము ఆ వూరు వెళ్లాం. ముఠా పెద్ద అరవయ్యేళ్ల మనిషి. అరుగుమీద కూర్చుని పొగాకు నలుపుకుంటూ ఆమె అన్న మాట ఇది: "పదేళ్ల పిల్లప్పుడు మాయమ్మ నా చేతికిచ్చింది బాబూ కొడవలి. ఇన్నేళ్లలో దాన్ని మారణాయుధం అన్నోణ్ణి ఇయ్యాలే చూశాను."

ఇది ఏ పత్రికలోనూ రాని వార్త. ఒక్క రోజు కూలి పోయిన సంగతి యెవరికి వార్త? కాని మమ్మల్ని ఒక ప్రశ్న పట్టుకుని వదల్లేదు. కత్తి దగ్గర వుంచుకుని తిరిగే మనుషులు మన దేశంలో అన్ని రకాలవాళ్లూ వున్నారు. అనుమానం మాత్రం కొందరి నడుముల మీదనే ఎందుకు వాలుతుంది?

పట్నాల్లో కొన్నేళ్లుగా యువకుల్లో ఒక మోజు బయలుదేరింది. రోజూ ఇల్లు కదిలేముందు జేబులో యేమేం వుండాలో ఎంచుకుని పెట్టుకుంటారు. మడిచే చాకు, చిన్న టార్చి, పట్టకారూ స్క్రూడ్రైవరూ రంపమూ ఒకే పిడిలో ఇమిడిన పనిముట్టు. వేలకు వేలు పోసి కొంటారు. అవి మంచి పనిముట్లే. వాటిమీద మాకు కోపం లేదు. పైగా అవన్నీ పనిలోనుంచి పుట్టినవేనన్న సంగతి తెలుసుకోదగింది.

ఫ్రాన్సులో సావోయ్ కొండల దగ్గర జోసెఫ్ ఓపినెల్ అనేవాడు 1890లో కర్రపిడి, ఒకే అలుగు వున్న మడత చాకు చేశాడు. అది రైతుల, పనివాళ్ల జేబుల్లో స్థిరపడిపోయింది. అదే కాలంలో స్విట్జర్లాండు ప్రభుత్వం తన సైనికులకు చాకు కావాలనుకుంది. ఇబాఖ్‌లో 1884లో కార్ఖానా పెట్టిన కార్ల్ ఎల్సెనర్ 1891 నుంచి ఆ చాకులు అందించాడు. అంత సరుకు చేసే తాహతు అప్పటికి అక్కడ లేక తొలి విడత జర్మనీలోని జోలింగెన్ నుంచే వచ్చింది. ఆ చాకులో నాలుగే వుండేవి: అలుగు, డబ్బామూత తీసేది, స్క్రూడ్రైవరు, బెజ్జం వేసే ఆరె. సైనికుడు డబ్బాలోని తిండి తినాలి, తుపాకి విప్పి శుభ్రం చేసుకోవాలి, తోలుపట్టీ తెగితే బాగుచేసుకోవాలి. అంతకు మించి పెట్టలేదు. ఇక అమెరికావాడు టిమ్ లెదర్‌మన్ కథ మరోటి. 1975లో పాత ఫియట్ కారులో యూరప్ తిరుగుతుంటే అది మాటిమాటికి మొరాయించింది. జేబులో చాకు వుంది గాని పట్టకారు లేదు. రెండూ కలిపితే యేమన్న ఆలోచన సరుకై అంగట్లోకి వచ్చేసరికి 1983 అయింది.

మరి ఇదే పని మన వూళ్లలో తరతరాలుగా జరుగుతూనే వుంది గదా! దానికి పేటెంటు లేదు, పెట్టె లేదు, బొమ్మ లేదు, అంతే తేడా.

గీత కార్మికుణ్ణి చూడండి. మోకు, ముస్తాదు, నడుముకు కత్తుల పొది. మట్టలు చెక్కే కత్తి వేరు, గెల గీసే కత్తి వేరు. గెల గీసేది మంగలికత్తిలాగా వుండాలి. ప్రతిపూటా పలచని పొర ఒక్కటే లేవాలి. లోతుగా పడిందా గెల చెడుతుంది, ఆ చెట్టుమీద ఆ యేటి రాబడి పోతుంది. అందుకని చెక్కమీద మెత్తని ఇసుకపొడి వేసి ఓపిగ్గా నూరుకుంటాడు. ఆ కత్తి పెట్టుకుని నలభై అడుగుల ఎత్తున, మోకుమీద వెనక్కి వాలి, రెండు చేతులతో పనిచేస్తాడు. పడి నడుములు విరిగినవాళ్లు, ప్రాణాలు పోయినవాళ్లు యెందరో. 2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య పేరుతో రక్షణ కిట్లు పంచడం మొదలుపెట్టింది. ఆ మాత్రం రావడానికి ఎన్ని చావులు లెక్కపెట్టాల్సి వచ్చిందో!

మంగలి అడపం ఇంకొకటి. అందులో కత్తి, కత్తెర, గోరుగల్లు, సానరాయి, తోలుపట్టీ అన్నీ ఒక్క సంచిలో చుట్టుకుని వుంటాయి. చెప్పులు కుట్టేవాడికి తోలు కోసే రంపె, బెజ్జం వేసే ఆరె చాలు, చెట్టు నీడే కార్ఖానా. మేకలకాపరి భుజాన దోటి వుంటుంది, పొడుగాటి గడకు కొడవలి కట్టింది. కొమ్మ నరక్కుండా రెమ్మ కోయడానికి అది. నడుమున ఇంకో చిన్న కత్తి. కాల్లో ముల్లు విరిగితే వైద్యుడూ అదే.

పొలంలో పాలేరు జేబులో మడత చాకు దేనికంటారా? ఎరువు బస్తా కుట్టు విప్పాలి. మోటారు వైరుకు తొడుగు గీకాలి. డ్రిప్పు పైపు కోసి అతకాలి. అన్నిటికన్నా ముఖ్యం, రాత్రిపూట గేదె పగ్గంలో కాలు ఇరికించుకుని మెడ బిగిసి గిలగిల్లాడుతుంటే ముడి విప్పే తీరిక వుండదు. చాకు జేబులో వుంటే గొడ్డు దక్కుతుంది, ఇంట్లో వుంటే దక్కదు. ఒక పాలేరు మాతో అన్నాడు: "చొక్కా మరిచిపోయి ఎల్తానుగాని చాకు మరిచిపోయి ఎల్లనండి."

ఇక ఆడకూలి చేతి కొడవలి. మా లెక్కలో అసలు సిసలు అన్నిపనుల పనిముట్టు అది. పొద్దున కోత. మధ్యాహ్నం గట్టుమీద గడ్డి. సాయంత్రం పొయ్యిలోకి పుల్లలు, కూరలోకి తోటకూర. దారిలో ముళ్లకంప అడ్డం వస్తే పక్కకు లాగేది. పిల్లవాడు మారాం చేస్తే తాటికాయ కొట్టి ముంజె తీసిపెట్టేది. ఇవన్నీ ఒకే అలుగుతో, ఒకే పిడితో. చేతిలో లేనప్పుడు అది చూరులో వుంటుంది, పిల్లలకు అందకుండా. ఏ కంపెనీ వాడూ ఈ చూరు గురించి ఆలోచించి వుండడు.

ఇప్పుడు చట్టం సంగతికి వద్దాం. ఇది మన కార్మికులు నోటికి వచ్చేలా తెలుసుకోవలసిన విషయం గనుక కాస్త నిదానంగా చెప్పుకుందాం.

ఆయుధాల చట్టం 1959 నాటిది. అందులో రెండవ సెక్షను ఆయుధం అంటే యేమిటో చెబుతుంది. దాడికో ఆత్మరక్షణకో ఆయుధంగా తయారైంది, లేదా అలా మార్చింది ఆయుధం. పదునైన, ప్రాణాంతకమైన ఆయుధాలూ ఆ లెక్కలోవే. ఆ వెంటనే అదే సెక్షను ఒక మినహాయింపు పెట్టింది. కేవలం ఇంటి అవసరాలకో వ్యవసాయ అవసరాలకో తయారైన వస్తువులు ఆయుధాలు కావు. వుదాహరణకు లాఠీ, మామూలు చేతికర్ర అని కూడా రాసింది. అంటే కొడవలి, గడ్డికత్తి, కూరలు తరిగే కత్తిపీట ఆ చట్టం దృష్టిలో ఆయుధాలే కావు. ఇది మనం అడుక్కునే దయ కాదు, పార్లమెంటు రాసిపెట్టిన మాట.

మరి పెద్ద కత్తుల సంగతి? 1962 నిబంధనల్లోనూ, వాటి స్థానంలో వచ్చిన 2016 నిబంధనల్లోనూ కొలతలు వున్నాయి. అలుగు 9 అంగుళాలకు మించిన పొడుగో, 2 అంగుళాలకు మించిన వెడల్పో వున్న కత్తులు, బాకులు, బరిసెలు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. అక్కడ కూడా ఇంటికి, వ్యవసాయానికి, శాస్త్రీయ, పారిశ్రామిక పనులకు తయారైనవాటిని మినహాయించారు. చెరకు నరికే కత్తి యెంత పొడుగున్నా చెరకు నరికే కత్తే. పైగా ఈ రకం పదునైన ఆయుధాలకు లైసెన్సు అవసరం అన్ని చోట్లా వుండదు. నాలుగవ సెక్షను కింద కేంద్రప్రభుత్వం ఒక ప్రాంతానికి నోటిఫికేషను యిస్తేనే అక్కడ వర్తిస్తుంది. మడత చాకుల మీద విడిగా ఆంక్షలు పెట్టిన చోట్లూ వున్నాయి. బటన్ నొక్కితే తెరుచుకునే రకం చాకుల మీద ఢిల్లీలో 1980లో నోటిఫికేషను వచ్చింది. 7.62 సెంటీమీటర్ల అలుగు దానిలోని కొలత. వలసపోయే మన కుర్రాళ్లు పండ్లు కోసుకునే చాకు అనుకుని అలాంటివి సంతలో కొనకుండా వుంటే మంచిది.

ఎన్నికలప్పుడు, గొడవలప్పుడు 144 అనే మాట వినిపించేది. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టంలో అది 163వ సెక్షను అయింది. అంకె మారింది, అధికారం అదే. ఆయుధాలు పట్టుకుని తిరగవద్దని మేజిస్ట్రేటు వుత్తర్వు యిస్తాడు. ఇవ్వనివ్వండి, శాంతి మాకూ కావాలి. కాని చేను కోయడానికి పోయే మనిషి చేతి కొడవలి ఆ వుత్తర్వులోని ఆయుధం ఎలా అవుతుంది? వుత్తర్వు చదివి వినిపించమని అడిగే హక్కు మనకు లేదా?

ఒక మాట దాచకుండా చెప్పాలి. కొడవలి పొలానికి పోయినంతసేపే ఈ రక్షణ. అదే కొడవలి గట్టు తగాదాలో మనిషి మీద లేచిందా, అప్పుడు చట్టం అది దేనికి తయారైందని అడగదు, దేనికి వాడారని అడుగుతుంది. భారతీయ న్యాయ సంహితలో 118వ సెక్షను ఆ పని చూసుకుంటుంది. కల్లుదుకాణం దగ్గర మాటామాటా పెరిగి మొలలో చెయ్యి పెట్టినవాళ్లు మనవాళ్లలో లేరా? వున్నారు. అట్లా దెబ్బ తిన్నదీ, జైలుకు పోయిందీ ఇద్దరూ కూలివాళ్లే అయిన కేసులు మేము చూశాం.

అయినా అనుమానం కథ ఈ నాటిది కాదు. 1878లో తెల్లదొరలు చేసిన ఆయుధాల చట్టం కింద భారతీయుడికి లైసెన్సు కావాలి, యూరోపియనుకు మినహాయింపు. అంతకన్నా ఘోరం నేరస్థ తెగల చట్టం. 1871లో వుత్తరాదిన మొదలై 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. మన ఎరుకల కులస్థులను దాని కింద చేర్చారు. వెదురు చీల్చి, ఈతబద్దలు చెక్కి బుట్టలల్లుకునే మనిషికి కత్తి లేకుండా పూట గడుస్తుందా? ఆ కత్తే అతని మీద సాక్ష్యం అయింది. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. రాత్రిపూట సంతనుంచి తిరిగివచ్చే బుట్టలవాణ్ణి రోడ్డుమీద ఆపి సంచి విప్పించే అలవాటు కూడా ఆరోజే రద్దయిందని యెవరైనా చెప్పగలరా?

రాంపూరు చాకు వుంది గదా, హిందీ సినిమాల్లో దుండగుడి చేతిలో టక్కున తెరుచుకునేది. సినిమా దానికి పేరు తెచ్చింది, పేరుతో పాటు పోలీసు ఆంక్షలు తెచ్చింది, చేసే పనివాళ్ల పొట్ట కొట్టింది. 2023లో ఆ వూళ్లోనే ఇరవై అడుగుల చాకు బొమ్మ నిలబెట్టారు. బొమ్మకు లైసెన్సు అక్కర్లేదనుకుంటాం.

పనిముట్టు ఖర్చు మాట యెవరూ ఎత్తరు, మేమే ఎత్తుతాం. ఫ్యాక్టరీలో కార్మికుడు తన మిషను తాను కొని తెచ్చుకోడు. పొలంలో మాత్రం కొడవలి కూలివాడిదే, గడ్డపార కూలివాడిదే. వుపాధి హామీ పనుల్లో కూడా పారలూ గడ్డపారలూ ఇళ్లనుంచి మోసుకొచ్చినవాళ్లే ఎక్కువ. మేము వెళ్లిన వూళ్లో అంగడి కొడవలి 150 నుంచి 200 రూపాయలు. రేకులాంటి అలుగు, రంగు పూసిన పిడి. వారం కోసేసరికి కక్కు అరిగిపోతుంది. ఇదివరకు కమ్మరి లారీ కమాను పట్టీ కాల్చి, సాగగొట్టి, నీళ్లు పట్టి చేసేవాడు. తుమ్మపిడి, పిడికి పొన్ను. కోతలకు ముందు కొలిమి దగ్గర వరుస కట్టి కక్కు కొట్టించుకునేవారు. కామందుల నుంచి కమ్మరికి ఏటా ధాన్యం మేర ముట్టేది. ఆ మేర పోయింది, కొలిమీ ఆరింది. వరికోత మిషను కూలివాడి పనితోపాటు కమ్మరి పనికూడా పట్టుకుపోయిందని గుర్తించినవాళ్లు తక్కువ.

కొడవలి తెగేది యెడమచెయ్యి. దుబ్బు పట్టుకున్న చేతి వేళ్లు. ఆ ముఠాలో తొమ్మిదిమంది ఆడవాళ్లనూ చెయ్యి చూపమన్నాం; యెడమచేతి వేళ్లమీద మచ్చలేని మనిషి లేదు. ఒకామెకు చిటికెనవేలు వంగదు. తెగితే గుడ్డపేలిక చుట్టి, పసుపద్ది, మళ్లీ చేలో దిగడం అలవాటు. ధనుర్వాతం ఇంజక్షను మాట పూట కూలి పోతుందని వాయిదా పడుతుంది. ఒకనాడు మంత్రసాని కొడవలితోనే బొడ్డు కోసిన ఇళ్లు వున్నాయి, ధనుర్వాతంతో పసికందులు పోయారు. ఆ ప్రసూతి ధనుర్వాతం మన దేశంలో ప్రజారోగ్య సమస్యగా లేకుండా పోయిందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ధారించింది. పురుడుకు జరిగిన మేలు కోతకూ జరగొద్దా? ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో ఆ ఇంజక్షనుకు డబ్బు తీసుకోరు. తెగిన రోజునే పోవాలి, మట్టి అంటిన గాయాన్ని సబ్బుతో కడిగి మరీ పోవాలి.

దారిలో ఆపినప్పుడు యేం చేయాలని ముఠావాళ్లు మమ్మల్ని అడిగారు. తగాదా పెట్టుకోవద్దన్నాం. కొడవళ్లు గోనెలో చుట్టి, ఒక మూట కట్టి, పైకి కనబడేలా పెట్టుకోండి, దాచిపెట్టినట్టు సీటుకింద తోయకండి. ఏ ఆసామి చేను, ఏ వూరు, అతని ఫోను నంబరు ముఠా పెద్ద దగ్గర వుండాలి. తీసుకుంటామంటే కాగితం అడగండి. జప్తు చేసిన వస్తువుల జాబితా రాయాలని, సోదా జప్తుల్ని వీడియో తీయాలని 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షను చెబుతోంది. అడగడానికి నోరు రాకపోతే సంఘానికి ఫోను కొట్టండి.

కుర్రవాడు మళ్లీ నవ్వాడు. "కాగితం అడిగితే ఇంకో గంట కూచోబెడతారండీ." నిజమే కావచ్చు. పన్నెండుమందీ కలిసి అడిగితే యెలా వుంటుందో ఈసారి చూస్తామన్నారు.

నాలుగు రోజుల తర్వాత సంఘం వాళ్లు ఇద్దరు వెంటపడి తిరిగితే కొడవళ్లు చేతికొచ్చాయి. పదకొండే వచ్చాయి. లేనిది ముఠా పెద్దది. తుమ్మపిడి, పిడికి ఇత్తడి పొన్ను, ఇరవయ్యేళ్ల నాటిది. యెవరు పట్టుకుపోయారో యెవరూ చెప్పలేదు. కాగితం లేదు గనుక అడగడానికీ లేదు. ఆమె సంతలో కొత్తది కొనుక్కుంది. మేము సార్వా కోతలకు ముందు మళ్లీ వెళ్లినప్పుడు దాంతో గేదెకు గడ్డి కోస్తోంది. పిడి ఇంకా చేతికి కుదర్లేదంది, గుడ్డపేలిక చుట్టి పట్టుకుంటోంది.